యూరప్ వీధుల్లో అడగకుండా, నొప్పించకుండా ఫోటోలు తీయడం ఎలా

పది రోజుల్లో ఐదు దేశాలు చుట్టి వచ్చినవారి ఫోన్లో వెయ్యి ఫోటోలుంటాయి. ఐఫిల్ టవర్ ముందు కుటుంబమంతా, కొలోసియం ముందు కుటుంబమంతా, ఆల్ప్స్ మంచులో కుటుంబమంతా. ఆ ఊళ్లలో బతికే మనుషులు మాత్రం ఒక్క ఫోటోలోనూ ఉండరు. మొదటి ప్రయాణం నుంచి నేను తెచ్చుకున్నవీ అవే. రొట్టెల సంచి పట్టుకుని ఇంటికి వెళ్లే పెద్దాయన, బాల్కనీలోంచి కింద ఉన్న స్నేహితురాలిని కేకేసే అమ్మాయి, వానలో ఒకే గొడుగు కింద పోట్లాడుకునే జంట, వీళ్లందరినీ నేను చూశాను. ఫోటో మాత్రం తీయలేదు. తీయవచ్చో లేదో తెలియలేదు, తీసే ధైర్యమూ లేకపోయింది.

ఎదుటి మనిషి మన కోసం సర్దుకుని నిలబడకముందే, తన పనిలో తానున్నప్పుడు తీసేది క్యాండిడ్ ఫోటో. దొంగచాటుగా తీయడానికీ దీనికీ చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని పాటిస్తూ యూరప్ నగరాల్లో ఇలాంటి ఫోటోలు ఎలా తీయాలో మొదటి నుంచి చెబుతాను.

బయలుదేరే ముందు

ఒక కెమెరా, ఒక లెన్స్. అంతకు మించి సర్దుకోకండి. లెన్స్ 28 మి.మీ. లేదా 35 మి.మీ. అయితే మంచిది (ఈ అంకె తక్కువైన కొద్దీ లెన్స్ అంత వెడల్పుగా చూస్తుంది). ఫోను మాత్రమే ఉన్నా చింత లేదు, దాని ప్రధాన కెమెరా చూపు ఇంచుమించు 24 నుంచి 26 మి.మీ. లెన్స్‌కు సమానం. పెద్ద జూమ్ లెన్స్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. దూరం నుంచి పెద్ద గొట్టాన్ని తనవైపు గురిపెట్టిన మనిషిని చూస్తే ఎవరికైనా నిఘా పెట్టారనే అనిపిస్తుంది. పైగా ఆ ఫోటోలో వీధి ఉండదు, ముఖం ఒక్కటే అతికించినట్టు ఉంటుంది. వీధి లేనప్పుడు అది లిస్బన్ అయితేనేం, లండన్ అయితేనేం?

ప్రయాణానికి పదిహేను రోజుల ముందు నుంచి రోజూ అరగంట మీ ఊళ్లోనే సాధన చేయండి. హైదరాబాద్‌లో ఉంటే సుల్తాన్ బజార్, విజయవాడలో ఉంటే బీసెంట్ రోడ్డు, ఎక్కడివారికైనా ఆదివారం సంత. ఆ అరగంటలో వచ్చే ఫోటోలు ఎలా ఉన్నా పట్టించుకోకండి. మూడు అడుగుల దూరంలో మనిషి ఎంత పెద్దగా కనిపిస్తాడు, ఆరు అడుగుల దూరంలో ఎంత కనిపిస్తాడు అన్నది కెమెరా ఎత్తకుండానే కంటికి తెలిసిపోవాలి. బటన్లు వేళ్లకు అలవాటు కావాలి. డబ్బు పోసి వెళ్లిన ఊళ్లో మెనూ వెతుక్కుంటూ నిలబడితే చాలా పోతుంది.

కెమెరా పట్టీని మెడకు కాకుండా అడ్డంగా, ఒక భుజం మీదుగా వేసుకోండి. బార్సిలోనాలోని లా రాంబ్లా, పారిస్ మెట్రో, లిస్బన్‌లోని 28వ నంబరు ట్రామ్, ఈ మూడూ జేబుదొంగలకు పేరుపడ్డవి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవారికి వెనుక జేబు గుర్తుండదు. పాస్‌పోర్టు గదిలోనే ఉండనివ్వండి, సంచిని పొట్టమీదికి తిప్పుకోండి.

చట్టం దేశానికొక రకం

యూరప్ అంతటికీ ఒకే నియమం ఉందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఫోటో తీయడం ఒకటి, దాన్ని నలుగురికీ చూపించడం మరొకటి. చాలా దేశాల్లో పేచీ రెండోదానితోనే.

బ్రిటన్‌లో బహిరంగ ప్రదేశంలో మనుషులను ఫోటో తీయకూడదనే సాధారణ నిషేధమేదీ లేదు. ఫ్రాన్స్‌లో వీధిలో తీయవచ్చు. కానీ మనిషి స్పష్టంగా గుర్తుపట్టేలా ఉండి, ఆ ఫోటోకు అతనే ప్రధానమైతే ప్రచురించడానికి అతని సమ్మతి కావాలి. ఆ దేశపు పౌర స్మృతిలోని 9వ అధికరణం వ్యక్తిగత జీవితానికి ఇచ్చిన రక్షణ నుంచి కోర్టులు ఈ హక్కును తీర్చిదిద్దాయి. గుంపులో ఒకడిగా కనిపించినవారి విషయంలో ఇంత పట్టింపు లేదు. జర్మనీలో 1907 నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఒకరి ఫోటోను వారి అనుమతి లేకుండా ప్రచురించకూడదు, ప్రదర్శించకూడదు అంటుంది. ఒక ప్రదేశపు దృశ్యంలో మనుషులు పక్క వివరంగా మాత్రమే ఉంటే మినహాయింపు ఉంది. కళా ప్రయోజనానికీ కొంత చోటు ఇచ్చింది. నిస్సహాయ స్థితిలో ఉన్న మనిషి దైన్యాన్ని చూపే ఫోటో తీయడమే అక్కడ నేరం కావచ్చు. అన్నిటికంటే కఠినం హంగరీ. 2014 మార్చి 15న అమల్లోకి వచ్చిన పౌర స్మృతి ప్రకారం ప్రచురణకే కాదు, తీయడానికే ఎదుటి వ్యక్తి సమ్మతి ఉండాలి. జనసమూహాల దృశ్యాలకు మాత్రం మినహాయింపు. బుడాపెస్ట్‌లో నేను ముఖాలకు బదులు వీపులను, నీడలను, డాన్యూబ్ వంతెనల మీద కదిలే జనాన్ని తీశాను. ఆ కట్టుబాటు వల్ల ఫోటోలు మెరుగుపడ్డాయనే చెప్పాలి.

ఫోటోలు అమ్మాలన్నా, ప్రదర్శన పెట్టాలన్నా ఆ దేశపు న్యాయవాదిని అడగడం మేలు. పైన చెప్పింది ఊరు చూడటానికి వెళ్లినవారికి సరిపోయేంత మాత్రమే.

కెమెరాను గదిలోనే సిద్ధం చేసుకోండి

వీధిలో క్షణం మనకోసం ఆగదు. ఆటో ఫోకస్ ఎవరి మీద పడాలో తేల్చుకునేలోపు మనిషి మలుపు తిరిగిపోతాడు. పాత ఫోటోగ్రాఫర్లు దీనికి కనుక్కున్న ఉపాయం ఇప్పటికీ అన్నిటికంటే వేగవంతమైనది. ఫోకస్‌ను ముందే ఒక దూరానికి బిగించి వదిలేయడమే అది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్నదానికి) 28 మి.మీ. లెన్స్ పెట్టి, అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 8లో ఉంచి, ఫోకస్‌ను రెండున్నర మీటర్ల దగ్గర ఆపితే ఇంచుమించు ఒకటిన్నర మీటర్ల నుంచి పది మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. 35 మి.మీ. లెన్స్ అయితే మూడు మీటర్ల దగ్గర ఆపండి, రెండు నుంచి ఏడు మీటర్ల దాకా చక్కగా ఉంటుంది. ఇక వెతుక్కునే పని ఉండదు, ఎత్తడం, నొక్కడం అంతే.

షట్టర్ వేగం, అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయం, సెకనులో 500వ వంతు పెట్టండి. నడిచే మనిషి పాదం గాలిలో ఉన్నప్పుడు కూడా చెదరదు. ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రతను, ఆటోలో వదిలి 6400 దాకా పోనివ్వండి. కాస్త గింజగింజలుగా వచ్చిన ఫోటోను భరించవచ్చు, చెదిరిన ముఖాన్ని ఏం చేసినా బాగుచేయలేం. చీకటి పడ్డాక ఈ లెక్క పనిచేయదు. అప్పుడు అపర్చర్ ఎఫ్ 2 దాకా తెరిచి, వేగాన్ని 125వ వంతుకు దించి, దుకాణాల అద్దాల్లోంచి పడే వెలుతురు దగ్గర నిలబడండి. షట్టర్ చప్పుడు ఆపే వీలుంటే ఆపేయండి. ఫ్లాష్ అసలు వద్దు.

చలికాలం వెళ్లేవారు ఇంకో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రెండోదాన్ని కోటు లోపలి జేబులో ఒంటి వెచ్చదనానికి ఉంచుకోండి. వెచ్చని కెఫేలోకి వెళ్లేటప్పుడు కెమెరాను సంచిలో పెట్టి జిప్పు మూసి, అరగంట అలాగే వదలండి. లేదంటే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది.

చోటు ముందు, మనిషి తర్వాత

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

కొత్తవారు మనుషుల వెంట పడతారు. ఎర్ర కోటు కనిపిస్తే దాని వెనుక నాలుగు వీధులు నడుస్తారు. మనిషి దొరికేసరికి వెనుక చెత్త డబ్బా ఉంటుంది, లేదా పార్క్ చేసిన వ్యాను ఉంటుంది. వెంబడించడం మర్యాదా కాదు. దీన్ని తిరగేయండి. ముందు ఒక మంచి చోటు, ఒక మంచి వెలుతురు చూసుకోండి. అక్కడే నిలబడండి. మనుషులే వస్తారు. 1932లో ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే బ్రెసాఁ ఫ్రాన్స్‌లోని ఇయేర్ అనే ఊళ్లో తీసిన ఫోటో ఒకటి వెతికి చూడండి. పైనుంచి కిందికి వంపు తిరిగిన మెట్లు, ఇనుప రెయిలింగు, కింద వీధి వంకలో దూసుకుపోయే సైకిలు. సైకిలును వేలితో మూసి చూడండి, మెట్ల వంపు, వీధి వంపు అప్పుడూ అందంగానే ఉంటాయి. రంగస్థలం అలా సిద్ధంగా ఉంటే చాలు, ఎవరు ప్రవేశించినా నాటకం అవుతుంది.

వెలుతురు విషయంలో యూరప్ మనకు పెద్ద వరం. డిసెంబరు చివర్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇంచుమించు 49 డిగ్రీల ఎత్తున ఉంటే పారిస్‌లో 18 డిగ్రీల దగ్గరే ఉంటాడు. మనకు సాయంత్రం నాలుగున్నరకు కనిపించే ఏటవాలు ఎండ అక్కడ పట్టపగలే వీధుల్లోకి వస్తుంది, నీడలు మనుషుల కంటే పొడవుగా సాగుతాయి. అయితే ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. జూన్‌లో దీనికి పూర్తిగా భిన్నం, పారిస్‌లో సూర్యాస్తమయం రాత్రి పదింటికి కాస్త ముందు. ఎండాకాలం వెళ్లినవారు మధ్యాహ్నం మ్యూజియంలో గడిపి, రాత్రి భోజనం ముందే కానిచ్చి, ఏడున్నర నుంచి వీధిలో ఉండండి. టూరు బస్సు హోటల్లో దింపేది ఆ వేళకే, కాబట్టి ఆ సమయం పూర్తిగా మీదే.

లిస్బన్‌లో అల్ఫామా అని ఒక పాత పేట ఉంది. 1755 భూకంపంలో నగరం చాలావరకు నేలమట్టమైనా ఈ కొండవాలు పేట చాలామటుకు నిలిచింది. సందులు అంత ఇరుకు. పసుపురంగు 28వ నంబరు ట్రామ్ అందులో ఒక సందులోంచి వెళ్తుంది. ఒకే జత పట్టాలు, రెండువైపులా గోడలు. ట్రామ్ వచ్చినప్పుడు నడిచేవారు గోడకు అతుక్కుని నిలబడాలి. ఏప్రిల్‌లో ఒక ఉదయం తొమ్మిదింటికి ఆ మలుపు దగ్గర ఎండ ఒక గోడమీద చాపంత మేర పడింది. నేను ఎదురుగా ఒక గుమ్మం పక్కన నిలబడ్డాను.

మొదటి ట్రామ్ వచ్చినప్పుడు సందులో ఎవరూ లేరు. రెండోది వచ్చేటప్పుడు ఒక యాత్రికుడు ఫోను చాచి అడ్డంగా నిలబడ్డాడు. మూడోదానికి మబ్బు కమ్మింది. నలభై నిమిషాలు గడిచాయి, కాళ్లు లాగుతున్నాయి, వెళ్లిపోదామనే అనుకున్నాను. అప్పుడు పై మెట్ల మీదనుంచి డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ దిగి వచ్చింది. ఒక చేతిలో కాగితం సంచి, అందులోంచి రొట్టె కొస బయటికి పొడుచుకు వచ్చి ఉంది. గంట మోగుతూ నాలుగో ట్రామ్ మలుపు తిరిగింది. ఆవిడ దానివైపు చూడనైనా లేదు. అరచేతిని వెనుక గోడకు ఆనించి, సంచిని గుండెకు హత్తుకుని, ఊపిరి బిగబట్టినట్టు పొట్ట లోపలికి లాక్కుంది. సరిగ్గా ఆ ఎండ చాప మీదే. ట్రామ్ అద్దాలు దాటుతుంటే వాటిమీది వెలుగు ఆవిడ ముఖం మీద ఒక్కొక్క పలకగా జారిపోయింది. మూడు ఫోటోలు తీశాను. రెండోదాంట్లో కళ్లు మూసుకుని ఉంది, అదే దాచుకున్నాను. ఎన్నో ఏళ్లుగా రోజూ చేసే పని అని ఆ అరచెయ్యి చూస్తే తెలుస్తుంది. పరుగెత్తి ఉంటే ఆ చెయ్యి నాకు దొరికేది కాదు.

కాబట్టి రోజుకు రెండు చోట్లు ఎంచుకోండి, ఒక్కోచోట కనీసం అరగంట. కుటుంబంతో వెళ్తే ముందే మాట్లాడుకోండి. వారు కెఫేలో కూర్చునే చోటుకు దగ్గరలోనే మీ మలుపు ఉండేలా చూసుకుంటే ఎవరికీ విసుగు రాదు. పారిస్ కెఫేల్లో వీధివైపు తిప్పి వేసిన కుర్చీలుంటాయి. అక్కడ కూర్చుని వచ్చేపోయేవారిని చూడటం ఆ ఊరి అలవాటే. బల్లమీద కెమెరా పెట్టుకుని కూర్చున్న మీరు ఎవరికీ వింతగా కనిపించరు. వాన పడితే గదికి పరుగెత్తకండి. రాళ్లు పరచిన వీధి తడిస్తే అద్దమవుతుంది, గొడుగుల కింద మనుషులు తమ లోకంలో తాముంటారు.

దగ్గరగా ఎలా నిలబడాలి

దాక్కోవద్దు. కెమెరా అందరికీ కనిపించేలా ఛాతీ దగ్గర ఉండాలి. నడుము దగ్గర పట్టుకుని ఎటో చూస్తూ నొక్కేవారిని చూశాను, అది ఎదుటివారికి ఇట్టే తెలిసిపోతుంది, అప్పుడే కోపం వస్తుంది. ఒకే చోట పది నిమిషాలు నిలబడితే చుట్టుపక్కలవారు మిమ్మల్ని చూడటం మానేస్తారు. అప్పుడు నెమ్మదిగా కెమెరా ఎత్తండి, తీయండి, దించాక కూడా ఒక క్షణం అటే చూడండి. చూపులు కలిస్తే చిరునవ్వు నవ్వి, తల ఊపండి. చాలాసార్లు అక్కడితో సరి.

నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లండి. ఫ్రాన్స్‌లో దుకాణంలో అడుగు పెట్టగానే ‘బోంజూర్’ అనకపోతే అమర్యాదగా భావిస్తారు, వీధిలోనూ ఆ ఒక్క మాట చాలా పని చేస్తుంది. లిస్బన్‌లో ఉదయం పూట ‘బోం దియా’ అనండి, మగవారైతే ‘ఒబ్రిగాదు’, ఆడవారైతే ‘ఒబ్రిగాద’ అని కృతజ్ఞత చెప్పండి. ఇటలీలో కెమెరా చూపించి ‘పోస్సో?’ అంటే, జర్మనీలో ‘దార్ఫ్ ఇష్?’ అంటే ‘తీయవచ్చా?’ అని అడిగినట్టే. అడిగితే క్యాండిడ్ పోతుంది కదా అనుకోకండి. అనుమతి ఇచ్చిన మనిషి మొదట నిటారుగా నిలబడతాడు, అది ఒకటి తీయండి. ధన్యవాదాలు చెప్పి అక్కడే ఉండండి. రెండు నిమిషాల్లో అతను మళ్లీ చేపలు తోమడంలోనో, కాఫీ పోయడంలోనో పడిపోతాడు. మీకు కావలసింది అప్పుడు దొరుకుతుంది, అదీ అతని అంగీకారంతో.

వద్దంటే

ఆ మాటకు తిరుగు లేదు. బెర్లిన్‌లోని మావర్‌పార్క్‌లో ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది. అక్కడ ఒక యువతి పాత టోపీ పెట్టుకుని పగిలిన అద్దంలో చూసుకుంటోంది. ముఖం రెండు ముక్కలుగా కనిపిస్తోంది. తీశాను. అద్దంలోనే నన్ను చూసింది. టోపీ తీసి బల్లమీద పెట్టి నేరుగా నా దగ్గరికి వచ్చి, “నా ఫోటో ఎందుకు తీశారు?” అంది. “అద్దంలో మీ ముఖం చాలా బాగుందని తీశాను” అన్నాను. “బాగుండవచ్చు, కానీ నాకు ఇష్టం లేదు. తీసేయండి.” తెర తిప్పి చూపించి, ఆమె ఎదుటే తుడిచేశాను. ఆమె రెండోసారి చూసి నిర్ధారించుకుని, “ధన్యవాదాలు” అని వెళ్లిపోయింది.

మంచి ఫోటో పోయింది. అయినా ఆ ముఖం ఆమెది. చట్టం నా వైపు ఉందా లేదా అని అక్కడ వాదించడం నాకు సబబు అనిపించలేదు. మీరూ వాదించకండి. గొంతు పెంచకండి, కెమెరా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, మీరే తుడిచి చూపించండి. ఫోనైతే తొలగించినవి దాగుండే చోటు నుంచి కూడా తీసేయండి. ఎవరైనా మరీ మీదికి వస్తే పక్కనున్న దుకాణంలోకి వెళ్లడం మంచిది.

కెమెరా దించాల్సిన చోట్లు

పిల్లలు ఒంటరిగా ఆడుకుంటుంటే తీయకండి. తల్లిదండ్రులు పక్కనుంటే అడిగి తీయండి. రోడ్డు పక్కన పడుకున్న నిరాశ్రయుల ఫోటో తీసి మనం వారికి చేసే మేలు ఏమీ లేదు. ఆమ్‌స్టర్‌డామ్ రెడ్ లైట్ ప్రాంతంలో అద్దాల వెనుక నిలబడిన మహిళలను ఫోటో తీయడం వారి బతుకును ప్రమాదంలో పడేయడమే, అక్కడ కెమెరా సంచిలోనే ఉండాలి. చర్చిలో మోకరిల్లినవారిని, ఏడ్చేవారిని, అంబులెన్సు చుట్టూ గుమిగూడినవారిని వదిలేయండి. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఇదే స్థితిలో నా అక్కను ఎవరో విదేశీయుడు తీస్తే నాకు ఎలా ఉంటుంది? జవాబు ఇబ్బందిగా ఉంటే తీయను.

రాత్రి గదికి వచ్చాక

ముందు ఫోటోలన్నిటినీ రెండో చోటికి ఎక్కించండి. కార్డు ఒక్కదాన్నే నమ్ముకుంటే దొంగతనంలో ప్రయాణమంతా పోతుంది. ఆ రాత్రే మంచి చెడ్డలు తేల్చకండి. కష్టపడి నిలబడి తీసిన ఫోటో మంచిదిలాగే కనిపిస్తుంది, ఇంటికి వచ్చాక నెల ఆగి చూడండి. చోటు, వేళ, అక్కడ విన్న ఒకటి రెండు మాటలు చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి.

నలుగురికీ చూపించే ముందు ఇంకోసారి ఆగండి. ముఖం స్పష్టంగా ఉన్న ఫోటోలు ఇంట్లోవారికి చూపించడం వేరు, అందరూ చూసేలా పెట్టడం వేరు. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ రోబెర్ దువానో 1950లో పారిస్ నగర సభా భవనం ముందు ముద్దు పెట్టుకుంటున్న జంటను తీసిన ఫోటో లోకమంతా తిరిగింది. అందులో ఉన్నది తామేనని నమ్మిన ఒక జంట నలభై ఏళ్లు దాటాక కోర్టుకు వెళ్లింది. అప్పుడే ఆ ఫోటో క్యాండిడ్ కాదని, నటన నేర్చుకునే ఇద్దరితో తీయించినదని దువానో చెప్పాడు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఒక ముఖం ఇంత దూరం తెస్తుంది. ఫోటో కింద వెటకారపు వ్యాఖ్య రాయకండి, ఆ మనిషి గురించి మీకు తెలియని కథ కల్పించి రాయకండి. ఊరు, సంవత్సరం చాలు.

ఫోటో పంపుతానని చేపల దుకాణం ఆయనకో, కాఫీ పోసిన అమ్మాయికో మాట ఇచ్చి ఉంటే నోటు పుస్తకంలో వారి చిరునామా పక్కన గుర్తు పెట్టుకుని, ఆ రాత్రే పంపండి. ఇంటికి వచ్చాక పంపుదామనుకున్నవి ఎప్పటికీ వెళ్లవు.